ఆరోగ్య రికార్డులకు మిషన్ వచ్చింది, రోగికి చట్టం రాలేదు

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు వేలమంది తెలుగు పిల్లలు మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేస్తున్నారు. అమెరికా ఆసుపత్రిలో ఎవరికో జరిగిన చికిత్స వివరాలు చదివి, జబ్బుకూ ఆపరేషన్‌కూ తగిన కోడ్ వేసి, బీమా కంపెనీకి వెళ్లే బిల్లు సిద్ధం చేయడం వాళ్ల పని. ఉద్యోగంలో చేరగానే వాళ్లకు నేర్పే మొదటి సంగతుల్లో హిపా ఒకటి. అమెరికా 1996లో చేసిన చట్టం అది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం రోగి పేరు, పుట్టిన తేదీ, జబ్బు వివరం సంబంధం లేనివాళ్ల కంట పడకూడదు. అందుకే చాలా కంపెనీల్లో సీటు దగ్గరికి సెల్‌ఫోన్ రానివ్వరు, కాగితం ముక్క బయటికి పోనివ్వరు. అక్కడ పనిచేసే అమ్మాయి తల్లికి మన ఊళ్లో స్కానింగ్ తీస్తే, ఆ రిపోర్టు చాలాసార్లు ల్యాబ్ కుర్రాడి సొంత ఫోన్ నుంచి వాట్సాప్‌లో వస్తుంది. అది ఆ ఫోన్లో ఎన్నాళ్లుంటుందో, ఇంకెవరికి వెళుతుందో ఆ తల్లికి చెప్పే నాథుడు లేడు. పరాయి దేశపు రోగి గుట్టు కాపాడడానికి మన పిల్లలకు శిక్షణ ఉంది. మన రోగి గుట్టు కాపాడడానికి మన ప్రభుత్వాలు ఇన్నేళ్లలో ఏం చేశాయి, ఏం చేయకుండా వదిలేశాయి అన్నది చూడాలి.

ముందే ఒక మాట చెప్పాలి. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులు వద్దనేవాళ్లలో నేను లేను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకుందాం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను తినేస్తోంది. క్రియాటినిన్ ఈరోజు ఎంత ఉందన్నదొక్కటే వైద్యుడికి చాలదు. రెండేళ్లుగా అది ఎలా పెరుగుతూ వచ్చిందో తెలియాలి. ఆ లెక్క రోగి చేతిలోని ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. కొన్ని కాగితాలు తడిసిపోతాయి, కొన్నింటి మీద అక్షరాలు వెలిసిపోతాయి. విశాఖపట్నం కేజీహెచ్‌కు వెళ్తే మళ్లీ మొదటినుంచి పరీక్షలు. పాలమూరు నుంచి ముంబయికి పనికి వెళ్లిన కూలీ అక్కడ క్షయ మందులు మొదలుపెట్టి, పండక్కి ఇంటికొచ్చి ఆపేస్తే, ఇక్కడి వైద్యుడికి ఆ చికిత్స సంగతి చెప్పేది రికార్డు ఒక్కటే. రికార్డుల వల్ల సమాజానికీ మేలుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచీ దాని చెల్లింపులు కంప్యూటర్ మీదే నడిచాయి. తొలి ఏళ్లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు పెరిగిపోతున్నాయన్న విమర్శలు వచ్చాయి. తర్వాత ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులకు ఆ విషయంలో పగ్గాలు వేసింది. ఏ ఆపరేషన్ ఎక్కడ ఎన్నిసార్లు జరుగుతోందో లెక్క ఉంటేనే అలాంటి దోపిడీ బయటపడుతుంది.

కాబట్టి రికార్డు కావాలి. దాన్ని ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు, చూడకూడనివాడు చూస్తే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం కూడా కావాలి. మన విధానాలు మొదటి పనిని ఉద్యమంలా నడిపించి, రెండోదాన్ని వాయిదా వేస్తూ వచ్చాయి.

పాత నియమాలు కాగితాల కాలానివి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ఇన్‌పేషెంట్ రికార్డులను 3 ఏళ్లు భద్రపరచమంది, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వమంది, రోగి గుట్టు బయటపెట్టొద్దంది. ఆ నియమావళి కింద తప్పు చేసిన వైద్యుడి మీద చర్య తీసుకోవచ్చు. ఆసుపత్రి యాజమాన్యం, ల్యాబు, సాఫ్ట్‌వేర్ కంపెనీ దాని పరిధిలోకే రావు. న్యాయస్థానాలు కూడా చాలాకాలం రోగి గోప్యతను గట్టిగా నిలబెట్టలేదు. 1998లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో, రక్తం ఇచ్చిన మనిషికి హెచ్ఐవీ ఉన్నట్టు ఆసుపత్రి బయటపెట్టింది, పెళ్లి ఆగిపోయింది. పెళ్లి కావాల్సిన అమ్మాయి ఆరోగ్యం ముఖ్యమని చెప్పి కోర్టు ఆ మనిషికి పరిహారం నిరాకరించింది.

పరిస్థితి మారింది 2017లో. ఆ ఏడాది ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆ ధర్మాసనంలో ఉండి విడిగా తీర్పు రాశారు. ఆరోగ్య రికార్డుల గురించి ఆ తీర్పుల్లో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. అంటువ్యాధులను అదుపు చేయడానికి ప్రభుత్వం ఆసుపత్రి రికార్డులను వాడుకోవచ్చు, అయితే మనిషి ఎవరో తెలియకుండా వాడుకోవాలి అన్నది దాని సారం. మూడేళ్లు తిరక్కుండానే, 2020 మార్చిలో, కర్ణాటకలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల ఇళ్ల చిరునామాలను ప్రభుత్వమే బయటపెట్టింది.

కొన్ని జబ్బుల విషయంలో మాత్రం మన చట్టాలు నిజంగా బాగున్నాయి. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా అతని స్థితిని బయటపెట్టడాన్ని నిషేధించింది, ఆ రికార్డులను దాచే సంస్థలు రక్షణ ఏర్పాట్లు చేసి తీరాలని చెప్పింది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం కంప్యూటర్లో దాచిన సమాచారానికి కూడా గోప్యత వర్తిస్తుందని విడమరచి చెప్పింది, తన రికార్డు తాను చూసే హక్కు రోగికిచ్చింది. పార్లమెంటు తలచుకుంటే ఎంత స్పష్టంగా రాయగలదో ఈ రెండూ చూపిస్తాయి. క్యాన్సర్ రోగికి, మూర్ఛ ఉన్న పెళ్లికాని పిల్లకు అంత స్పష్టమైన రక్షణ దొరకలేదు. మూర్ఛ మాట ఊళ్లో పొక్కితే ఆ పిల్లకు సంబంధాలు ఆగిపోతాయని మనందరికీ తెలుసు.

ఎలక్ట్రానిక్ రికార్డులకు కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ప్రమాణాలు ప్రకటించి, 2016లో సవరించింది. వాటిలో మంచి మాటలున్నాయి. రికార్డును ఆసుపత్రి రోగి తరఫున దాస్తుంది, అందులోని సమాచారానికి యజమాని రోగే అన్నాయి. రోగి బతికున్నంత కాలం దాన్ని చెరిపేయకూడదన్నాయి. ఇవి ప్రమాణాలు మాత్రమే. పాటించని ఆసుపత్రిని అడిగే అధికారి ఎవరూ లేరు.

ఆ లోటు తీర్చడానికే 2018 మార్చిలో ‘దిశ’ ముసాయిదా వచ్చింది. మహిళల భద్రత కోసం ఆంధ్రప్రదేశ్ తర్వాత తెచ్చిన దిశకూ దీనికీ సంబంధం లేదు. ఇది డిజిటల్ ఆరోగ్య సమాచార భద్రతకు ఉద్దేశించిన చట్టం ముసాయిదా. నా దృష్టిలో ఈ దేశంలో రోగి పక్షాన ప్రభుత్వం రాసిన అత్యంత గట్టి పత్రం ఇదే. సమాచారం రోగిదే అంది. సమ్మతి ఇవ్వడానికీ, నిరాకరించడానికీ, ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికీ హక్కుంది అంది. ఆరోగ్య సమాచారాన్ని వ్యాపారానికి వాడకూడదు, బీమా కంపెనీలకూ మందుల కంపెనీలకూ ఉద్యోగమిచ్చే యజమానులకూ చేరనివ్వకూడదు అని నేరుగా రాసింది. బీమా కంపెనీకి క్లెయిము పరిష్కారం మేరకే, అదీ సమ్మతితోనే దారి ఉంచింది. తీవ్రమైన ఉల్లంఘనకు జైలు శిక్ష పెట్టింది. జాతీయ స్థాయిలోనూ రాష్ట్రాల్లోనూ పర్యవేక్షణ సంస్థలు ఉండాలంది.

ఆ ముసాయిదా పార్లమెంటు గడప తొక్కలేదు. అన్ని రకాల సమాచారానికీ కలిపి ఒక సాధారణ చట్టం వస్తోంది, ఆరోగ్య సమాచారం సంగతి అందులోనే చూసుకుంటామని పక్కన పెట్టారు. అప్పటికి ఆ వాదనలో అర్థం ఉంది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో ఆరోగ్య సమాచారం ‘సున్నిత వ్యక్తిగత సమాచారం’ కింద ఉంది. 2019లో పార్లమెంటుకు వచ్చిన బిల్లులోనూ ఉంది. 2022 ఆగస్టులో ఆ బిల్లును ఉపసంహరించుకున్నారు. తర్వాత 2023 ఆగస్టులో చట్టమైన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ‘సున్నిత సమాచారం’ అన్న వర్గమే లేదు. ఆన్‌లైన్లో చెప్పులు కొన్నప్పుడు మనమిచ్చే చిరునామాకూ, మానసిక వైద్యుడు రాసిన కేసు షీటుకూ ఆ చట్టం దృష్టిలో తేడా లేదు. ప్రత్యేక చట్టం అక్కర్లేదు, సాధారణ చట్టం చాలన్నారు. తీరా సాధారణ చట్టం వచ్చేసరికి అందులో ఆరోగ్యానికి ప్రత్యేక స్థానం పోయింది. ఈ ఐదేళ్ల ప్రయాణంలో రోగికి జరిగిన అన్యాయం ఇది, దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

చట్టం ఇలా వెనక్కి నడుస్తుంటే రికార్డుల వ్యవస్థ ముందుకు పరుగెత్తింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం డిజిటల్ ఆరోగ్య ప్రాధికార సంస్థను ప్రతిపాదించింది. 2018లో నీతి ఆయోగ్ నేషనల్ హెల్త్ స్టాక్ పత్రం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ మాజీ ఐఏఎస్ అధికారి, ఆధార్ సంస్థకు ఛైర్మన్‌గా పనిచేసిన జె. సత్యనారాయణ నేతృత్వంలోని కమిటీ 2019లో జాతీయ డిజిటల్ ఆరోగ్య బ్లూప్రింట్ తయారు చేసింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీదినుంచి ప్రధాని జాతీయ డిజిటల్ ఆరోగ్య మిషన్‌ను ప్రకటించారు. ముందు పుదుచ్చేరి, చండీగఢ్, లద్దాఖ్ సహా ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి, 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతటా మొదలుపెట్టారు. ఈ మిషన్ కింద ఇప్పటికి ‘ఆభా’ అనే ఆరోగ్య ఖాతాలు 70 కోట్లకు పైగా తెరిచారు. ఇంత పెద్ద ఆరోగ్య గుర్తింపు వ్యవస్థ ప్రపంచంలో అరుదు.

దాని నిర్మాణం గురించి న్యాయంగా మాట్లాడాలి. ఆభా అంటే 14 అంకెల సంఖ్య. మన రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే కంప్యూటర్లో పోగుపడవు. ఏ ఆసుపత్రిలో తయారైన రికార్డు అక్కడే ఉంటుంది. వేరే వైద్యుడికి కావాలంటే రోగి ఫోనుకు అభ్యర్థన వస్తుంది. ఏ రికార్డు, ఎన్నాళ్లు, దేనికోసం అన్నది చూసి రోగి ఒప్పుకుంటేనే అది కదులుతుంది. ఇచ్చిన సమ్మతిని తర్వాత రద్దు చేసుకోవచ్చు. వైద్యులకూ ఆసుపత్రులకూ వేరువేరు రిజిస్ట్రీలున్నాయి. 2020 డిసెంబరులో ఆమోదించిన ఆరోగ్య డేటా నిర్వహణ విధానం ఈ సంఖ్య తీసుకోవడం స్వచ్ఛందమని, లేదన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదని చెప్పింది. కాగితం మీద ఇది చాలా దేశాల ఏర్పాట్ల కన్నా మెరుగైన ఆలోచన. ఓపీ చీటీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు వాటంతటవే నమోదయ్యే పద్ధతి పెద్దాసుపత్రుల్లో తెల్లవారుజామునుంచి నిలబడే రోగులకు నిజంగా ఉపశమనం.

చిక్కు మూడు చోట్ల ఉంది.

మొదటిది, ఆ డేటా నిర్వహణ విధానాన్ని పార్లమెంటు చేయలేదు. దాన్ని రాసి నడుపుతున్న జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ కూడా ప్రత్యేక చట్టంతో ఏర్పడింది కాదు. ఆ సంస్థే వ్యవస్థను నిర్మిస్తుంది, ఆభాల సంఖ్య పెంచుతుంది, ఆయుష్మాన్ భారత్ బీమా పథకాన్ని నడుపుతుంది, గోప్యత నియమాలూ అదే రాస్తుంది. నడిపేవాళ్లను తనిఖీ చేసే చెయ్యి వేరే ఉండాలి. ఇక్కడ అది లేదు.

రెండోది డబ్బు, లక్ష్యాలు. 2023 జనవరి నుంచి అమలైన ప్రోత్సాహక పథకంలో, నిర్ణీత సంఖ్య దాటాక ఆభాకు కలిపిన ఒక్కో రికార్డుకు ఆసుపత్రికి 20 రూపాయల దాకా ఇస్తామన్నారు. రికార్డును కలిపితే డబ్బుంది. రోగికి విషయం వివరించి, అతను వద్దంటే గౌరవించినందుకు ఎవరికీ ఏమీ రాదు. కింది స్థాయిలో ఈ ఒత్తిడి ఆశా కార్యకర్తల మీద, ఏఎన్ఎంల మీద పడుతుంది. రోజుకిన్ని నమోదు చేయాలని పైనుంచి ఫోన్లు వస్తుంటే, ఎండలో ఇల్లిల్లూ తిరిగే మనిషి సమ్మతి పత్రం చదివి వినిపిస్తుందని ఆశించడం ఆమెకే అన్యాయం. కొవిడ్ టీకాల సమయంలో ఆధార్ చూపినవాళ్లలో చాలామందికి తమకు ఆరోగ్య ఐడీ పుట్టిందన్న సంగతే తెలియదు. టీకా సర్టిఫికెట్ మీద ఆ సంఖ్య చూశాకే తెలిసింది.

మూడోది సమ్మతి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ పాఠం మన గడ్డ మీదే ఒకసారి నేర్చుకున్నాం. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంలో, పాత్ అనే అమెరికా సంస్థ ఐసీఎంఆర్‌తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా ప్రాజెక్టు నడిపింది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో దాన్ని నిలిపేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో తీవ్రంగా తప్పుపట్టింది. పరిశీలించిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లిదండ్రులు ఒప్పుకోవాల్సిన చోట వార్డెన్ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు వేలిముద్ర స్థానంలో ఓటీపీ వచ్చింది. ఊళ్లో సగం ఇళ్లలో ఫోను కొడుకు దగ్గరో భర్త దగ్గరో ఉంటుంది. తల్లి ఆభాకు కొడుకు నంబరే ఇస్తారు. ఆమె గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లిన రికార్డు ఎవరు చూడొచ్చో ఒప్పుకునే అధికారం ఆచరణలో ఆ ఫోను పట్టుకున్నవాడి చేతిలోకి పోయింది. సమ్మతి తెర మీద కనిపించే భాష చదవలేనివాళ్లకు ‘సరే’ అన్న బటన్ ఒక్కటే తెలుస్తుంది. చదవగలిగినా, చేతిలో రసీదు పట్టుకుని వెనక యాభైమంది తోస్తుంటే ఎవరూ వద్దనరు. వైద్యం దక్కుతుందో లేదో అన్న భయంలో ఇచ్చిన సమ్మతిని సమ్మతిగా లెక్కించకూడదని నా గట్టి అభిప్రాయం.

తెలుగు రాష్ట్రాలు డిజిటల్ ఆరోగ్య రికార్డుల విషయంలో కేంద్రం కన్నా వెనకబడి లేవు, ఉత్సాహంలోనూ పొరపాట్లలోనూ. తెలంగాణ 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేసి ఆరోగ్య సూచిక తయారు చేసే ప్రయోగం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం పల్లె వైద్యాన్ని ట్యాబ్‌లోకి ఎక్కించింది. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2018లో జరిగిందేమిటో కూడా గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ అన్న సంజీవిని మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో, పేర్లు, ఫోన్ నంబర్లతో సహా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అందరికీ కనిపించింది. లైంగిక సమస్యలకు మందులు కొన్నవాళ్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి. దాన్ని వెలుగులోకి తెచ్చింది స్వతంత్ర పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. ఎవరో తాళం పగలగొట్టి దొంగిలించిన సమాచారం కాదిది. పారదర్శకత చూపించాలన్న తాపత్రయంలో డ్యాష్‌బోర్డు కట్టినవాళ్లే తెరిచి పెట్టారు. మందుల నిల్వల గురించి పారదర్శకత కావాలి గానీ, కొనుక్కున్న మనిషి గురించి కాదన్న చిన్న విచక్షణ లోపించింది.

జాతీయ స్థాయిలో వరస పెద్దదే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. రెండు వారాల దాకా చీటీలు, రిపోర్టులు చేత్తో రాసుకున్నారు. ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2023 జూన్‌లో కొవిడ్ టీకాల పోర్టల్ కొవిన్‌లో నమోదైనవాళ్ల ఫోన్ నంబరు కొడితే పుట్టిన తేదీ, ఆధారో పాస్‌పోర్టో, టీకా వేసుకున్న కేంద్రం చెప్పే టెలిగ్రామ్ బాట్ బయటపడింది. కొవిన్ డేటాబేస్‌లోకి నేరుగా ఎవరూ చొరబడలేదని ప్రభుత్వం అంది, తర్వాత బిహార్‌లో ఒకరిని అరెస్టు చేశారు. 2024లో ఒక పెద్ద ఆరోగ్య బీమా సంస్థ ఖాతాదారుల పాలసీ, వైద్య పత్రాలు అదే టెలిగ్రామ్‌లో కనిపించాయి. ఎయిమ్స్‌లో చికిత్స పొందిన తెలుగు రోగి ఒక్కరికైనా ‘మీ ఫైలు ప్రమాదంలో పడింది’ అని ఉత్తరం వచ్చిందా? అలా తెలియజేయాల్సిన బాధ్యత అప్పటికి చట్టంలో ఎవరి మీదా లేదు. 2022 ఏప్రిల్ నాటి సైబర్ భద్రతా ఆదేశాలు ఆరు గంటల్లో ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పమన్నాయి, రోగికి చెప్పమనలేదు.

ఈ లోపాన్ని 2023 చట్టం సరిచేసిందని ఒప్పుకోవాలి. 2025 నవంబరులో వచ్చిన నియమాల ప్రకారం సమాచారం బయటికి పొక్కితే బాధితులకు ఆలస్యం లేకుండా తెలియజేయాలి, 72 గంటల్లో ఆ చట్టం కింది డేటా రక్షణ బోర్డుకు పూర్తి వివరాలివ్వాలి. భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఇప్పటిదాకా ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ కింద, నిర్లక్ష్యం చేసిన కంపెనీ నుంచి బాధితుడు పరిహారం కోరవచ్చు. 2011 నియమాలు వైద్య రికార్డులను సున్నిత సమాచారంగా పేర్కొన్నది కూడా ఆ సెక్షన్ కిందే. కొత్త చట్టం పూర్తిగా అమలైతే 43ఏ రద్దవుతుంది. గుట్టు రట్టయి ఉద్యోగం పోయిన మనిషి చేతికి ఈ చట్టం కింద ఒక్క రూపాయి రాదు.

ప్రభుత్వం విషయంలో చట్టం ఇంకా ఉదారం. వైద్య అత్యవసరం, అంటువ్యాధులప్పుడు సమ్మతి లేకుండా సమాచారం వాడుకోవచ్చన్న నిబంధన అర్థం చేసుకోదగిందే. స్పృహ లేనివాణ్ణి సమ్మతి అడగలేం. సబ్సిడీలు, పథకాలు, సేవల కోసమని ప్రభుత్వం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోగల వీలు మాత్రం చాలా వెడల్పైన ద్వారం. మన దేశంలో పేదవాడి వైద్యం దాదాపు అంతా పథకం కిందే జరుగుతుంది. కార్పొరేట్ ఆసుపత్రిలో డబ్బు కట్టిన రోగికి సమ్మతి హక్కు మిగులుతుంది, ఆరోగ్యశ్రీ కార్డు మీద చేరినవాడి హక్కు పలచబడుతుంది. గోప్యత డబ్బున్నవాళ్ల సౌకర్యంగా మారకూడదు.

ఇతర దేశాలు ఈ దారిలో ముందే దెబ్బలు తిన్నాయి. బ్రిటన్‌లో 2013లో మొదలైన కేర్.డేటా పథకం, కుటుంబ వైద్యుల దగ్గరున్న రికార్డులను సేకరించి పరిశోధనకు ఇవ్వాలనుకుంది. జనానికి సరిగా చెప్పకుండా మొదలుపెట్టడంతో నమ్మకం పోయి 2016లో మూతపడింది. ఆస్ట్రేలియాలో అందరికీ ఆరోగ్య రికార్డు తెరిచి, వద్దనుకున్నవాళ్లు తప్పుకోవచ్చంటే 2019 జనవరి గడువులోగా 25 లక్షల మంది తప్పుకున్నారు. ఫిన్లాండ్ అనుభవం అన్నిటికన్నా భయంకరం. వస్తామో అనే మానసిక చికిత్స సంస్థ రికార్డులు దొంగిలించినవాడు 2020లో రోగులకే నేరుగా ఈమెయిళ్లు పంపాడు, డబ్బివ్వకపోతే నువ్వు డాక్టరుకు చెప్పుకున్నదంతా బయటపెడతానని. దాదాపు 33 వేల మంది బాధితులు. సంస్థ దివాళా తీసింది. నేరస్థుడికి 2024లో ఆరేళ్లకు పైగా జైలు పడింది. ఈ సమాచారం పోతే క్రెడిట్ కార్డు మార్చుకున్నట్టు జీవిత చరిత్రను మార్చుకోలేం.

నేర్చుకోదగినది ఎస్టోనియా దగ్గరుంది. అక్కడ ప్రతి పౌరుడూ తన రికార్డును ఎవరు, ఎప్పుడు తెరిచి చూశారో తానే చూసుకోవచ్చు. కారణం లేకుండా తెరిచిన ఉద్యోగి శిక్షకు గురవుతాడు. ఖర్చుపరంగా చూస్తే ఇది చాలా చిన్న ఏర్పాటు, ఫలితం చాలా పెద్దది. ఎందుకంటే రోగి గుట్టుకు ఎక్కడో ఉన్న హ్యాకర్ వల్ల ఎంత ప్రమాదమో, పక్క వీధిలో ఉండే తెలిసిన ఉద్యోగి వల్లా అంత ప్రమాదం. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చాలాచోట్ల ఒకే లాగిన్‌ను నలుగురైదుగురు వాడతారు. ఎవరు చూశారన్నది తెలిసే దారే ఉండదు. అమెరికాలో 500 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది రోగుల సమాచారం పోతే ఆ ఆసుపత్రి పేరు ప్రభుత్వ జాబితాలో అందరికీ కనిపిస్తుంది. అక్కడి చట్టానికీ లోపాలున్నాయి, దాడులు ఆగలేదు. కానీ దాచిపెట్టే అవకాశం తగ్గింది.

కావలసిందేమిటో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2018 నాటి ముసాయిదాను దుమ్ము దులిపి, ఆభా వ్యవస్థకు తగ్గట్టు మార్చి, పార్లమెంటు ముందుకు తేవాలి. బీమా, మందుల కంపెనీలకు, యజమానులకు గీసిన ఆ గీత యథాతథంగా ఉండాలి. నష్టపోయిన రోగికి పరిహారం దక్కాలి. నియమాలు రాసే సంస్థ, వ్యవస్థను నడిపే సంస్థ వేరు కావాలి. రికార్డు ఎవరు తెరిచారో చెప్పే సందేశం రోగి ఫోనుకు తెలుగులో రావాలి. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల అంశం. ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా అమరావతి, హైదరాబాద్ ప్రభుత్వాలు తమ ఆసుపత్రుల వరకు ఈ పనుల్లో చాలావాటిని జీవోతోనే మొదలుపెట్టగలవు. ఆశా కార్యకర్తలకు ఆభా లక్ష్యాలు ఎత్తేయడానికైతే ఒక్క సర్క్యులర్ చాలు.

పాఠకులకు ఒక విజ్ఞప్తి. ఆసుపత్రిలో ఓటీపీ అడిగితే అది దేనికోసమో అడగండి. ఆభా లేకపోతే చీటీ ఇవ్వబోమని ఎవరైనా అంటే, అది స్వచ్ఛందమని ప్రభుత్వ విధానంలోనే రాసి ఉందని చెప్పండి. తెలియకుండా తెరిచిన ఖాతాను ఆభా పోర్టల్‌లో నిలిపేయవచ్చు, పూర్తిగా తొలగించవచ్చు. ఇచ్చిన సమ్మతిని రద్దు చేసుకోవచ్చు. ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో ఫోను లేకపోతే, ఆమె తరఫున ‘సరే’ నొక్కేముందు ఆ విషయం ఆమెకు చదివి చెప్పండి, ఆమె వద్దంటే వద్దనే నొక్కండి.